రెండో తుడుపు

తిరిగొచ్చిన పెట్టెను మేనేజరు సుధీర్ బల్ల మీద పెట్టలేదు, పడేశాడు. లోపల ఉన్నది గాజని ఆ క్షణంలో ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"చూడుండ్రి మేడం. మన బిళ్లలు మనకే వచ్చినయ్," అన్నాడు.

త్రివేణి మూత తీసి చూసింది. రూపాయి బిళ్లంత గాజు బిళ్లలు వరసలుగా ఉన్నాయి. పైకి ఏ లోపమూ లేదు. పటాన్‌చెరు దాటాక రోడ్డుకు లోపలగా, ప్లాస్టిక్ మూతల కంపెనీ పక్కనున్న ఈ రేకుల షెడ్డులో ఏం చేస్తారో చెబితే ఆమె చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నమ్మరు. గాజును కరిగించేటప్పుడే అందులో సీసం, బ్రోమిన్ లాంటివి కలుపుతారు. చల్లారాక లేజరు పెడతారు. ఆ లేజరు పైపొరను ముట్టుకోదు. నేరుగా లోపలికి దిగి, తగిలిన చోటల్లా కంటికి ఆనని స్ఫటికాలను పుట్టిస్తుంది. మామూలు వెలుతురులో అది ఉత్త గాజే. ఊదా లైటు కింద పెడితే మాత్రం లోపల ఆకుపచ్చ చుక్కలు బారులు తీరి వెలుగుతాయి. ఆ చుక్కల వరసే ఒక గుర్తు. బొల్లారం వైపున్న ఒక మందుల కంపెనీ ఈ బిళ్లలను తన పెట్టెలకు అంటించుకుంటుంది, అసలు మందేదో నకిలీదేదో తేల్చుకోవడానికి.

బిళ్లలన్నిటినీ ఊదా లైటు కింద చూసి, బాగున్నాయని స్టిక్కరు వేసి సంతకం పెట్టే పని త్రివేణిది. కాబట్టి పెట్టె తిరిగొచ్చిందంటే మొదట తిరిగొచ్చింది ఆమె సంతకమే.

సుధీర్ లైటు వెలిగించాడు. కొన్ని బిళ్లల మీద చుక్కలు కనిపించకుండా పచ్చటి మరక అడ్డంగా పాకి ఉంది. వాళ్ల యంత్రం వాటిని చదవలేకపోయిందట. స్పిరిటులో ముంచిన దూదితో తుడిస్తే దూదికి పసుపు అంటిందట.

"పసుపా?" అంది త్రివేణి.

"పసుపే. వంటింట్ల పసుపు. అది గుడ ఈ లైటు కింద మెరుస్తదంట. కోట్లు పెట్టి లేజరు తెచ్చుకుంటే మనోళ్లు దాని మీద పోపు పెట్టిన్రు." ఆయనకు కోపంలో కూడా ఛలోక్తులు వస్తాయి. "రేపటి సంది గేటు కాడ ఆడోళ్ల చేతులు చూసినంకనే లోపటికి పంపుడు. లైటు మీరు పట్టుకోండ్రి. నేను పడితే మంచిగుండదు."

త్రివేణి తలూపింది. తన ఉద్యోగం పర్మనెంటు చేసే ఆర్డరు ఆయన టేబుల్ మీద ఉందని అందరికీ తెలుసు. ఆయన సంతకం ఒక్కటే బాకీ.

మర్నాడు పొద్దున గేటు పక్కన, వాచ్‌మన్ గదిలో తలుపు దగ్గరేసి లైటు పట్టుకుని నిలబడింది. ఆడవాళ్లు వరసగా వచ్చి చేతులు చాపారు. మొదట్లో నవ్వులే నవ్వులు. బిళ్లలకు అంచులు నూరే పోశమ్మ అరచేయి ముందుకు చాపి, "గీతలు గుడ జెర మంచిగ చూడు మేడం. ఇల్లు కడ్తనో లేదో చెప్పు," అంది. వెనకున్నవాళ్లు పకపకా నవ్వారు. త్రివేణి కూడా నవ్వింది.

లైటు పడగానే పోశమ్మ గోళ్ల సందుల్లో పచ్చగా మెరిసింది.

"కడుక్కో," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ సుధీర్.

"పొద్దుగాల పప్పుల పసుపెయ్యకుంటె మా ఇంటాయన తింటడా సార్?" అంటూనే పోశమ్మ నల్లా దగ్గరికి నడిచింది. పోతూ పోతూ, "సారు చేతులెవలు చూస్తరో," అని గోడకు చెప్పినట్టు చెప్పింది. సుధీర్ వినిపించుకోలేదు.

ఒక్కొక్కరూ సబ్బుతో కడుక్కుని మళ్లీ వచ్చి చూపించారు. రెండోసారికి నవ్వులు తగ్గాయి. మూడోసారి తోమి వచ్చినవాళ్లు ఎవరి మొహమూ చూడకుండా లోపలికి పోయారు. వంట చేసిన చేతులను దొంగసొత్తు వెతికినట్టు వెతుకుతున్నానని త్రివేణికి అనిపించింది. అయినా లైటు దించలేదు.

చివర్న నర్సింహమ్మ వచ్చింది. కొండాపూర్ మండలంలోని పల్లె ఆమెది. భర్త పోయాక కాజీపల్లిలో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. లేజరుకు ముందు బిళ్లలను కడిగేదీ, త్రివేణి చూసి పంపాక మళ్లీ ఒకసారి తుడిచి పెట్టెలో సర్దేదీ ఆమే. కుడిచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"ఆ గుడ్డ తియ్యమనుండ్రి," అన్నాడు సుధీర్.

నర్సింహమ్మ ఒకసారి త్రివేణి వైపు చూసి, మెల్లగా గుడ్డ విప్పింది. చివరి మడత గాయానికి అంటుకుని ఉంది. దాన్ని లాగేటప్పుడు పెదవి కొరుక్కుంది. లైటు కింద ఆ వేలు కొసంతా వెలిగింది.

"దొరికింది," అన్నాడు సుధీర్.

కడుక్కుని వస్తున్న ఆడవాళ్లు నల్లా దగ్గరే ఆగిపోయారు. ఎవరో చిన్నగా, "ఆమెకు పసుపెందుకే?" అన్నారు. భర్త పోయిన మనిషి చేతికి పసుపేమిటని. ఆ మాట నర్సింహమ్మకు వినబడింది. వినబడిందని ఆమె పిడికిలి మూసిన తీరులో తెలిసింది.

"ఎందుకమ్మా పసుపు?" అని సుధీర్ అడిగాడు.

నర్సింహమ్మ మళ్లీ త్రివేణి వైపు చూసింది. అడగడం కాదు, అడుక్కోవడం అంతకన్నా కాదు. ఊరికే చూసి తల దించుకుంది.

ఆ పసుపు పెట్టింది త్రివేణే. శనివారం పగిలిన బిళ్ల అంచు తగిలి నర్సింహమ్మ వేలు తెగింది. మందుల డబ్బా తీస్తే ఖాళీ దూది కాగితం తప్ప ఏమీ లేదు. కరెంటు బోర్డు పక్కన దేవుడి పటం ముందున్న పసుపు గిన్నెలోంచి చిటికెడు తెచ్చి, గాయంలో అద్ది, తన చేతిరుమాలు చింపి కట్టింది త్రివేణే. "నాకెందుకు మేడం పసుపు," అని ఆరోజు కూడా నర్సింహమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. "దెబ్బకు పెట్టేదానికి ఏంది పెద్దమ్మా," అని త్రివేణే గట్టిగా పట్టుకుంది.

పైగా తిరిగొచ్చిన పెట్టె దెబ్బ తగలకముందు పోయిన పెట్టె. ఈ రెండు మాటలూ చెబితే చాలు. త్రివేణి నోరు తెరిచింది. నర్సింహమ్మ కాకపోతే మరెవరు, అని సుధీర్ అడుగుతాడు. లేజరు గదిలోంచి వచ్చాక ఆ బిళ్లలను ముట్టుకునేది తామిద్దరే. టేబుల్ మీదున్న ఆర్డరు కాగితం కళ్లముందు ఆడింది. తెరిచిన నోటితో, "లైటు వేడెక్కుతుంది సార్," అంది.

ఎంత సిగ్గుమాలిన మాట అది! అన్న మరుక్షణమే ఆమె చెవులు కాలిపోయాయి.

"కాంట్రాక్టరుకు చెప్త. నువ్వు ఇంటికి పో అమ్మా," అన్నాడు సుధీర్. నర్సింహమ్మ గుడ్డను మళ్లీ చుట్టుకుంటూ, ముడి వెయ్యడానికి పంటితో కొస పట్టుకుని, అలాగే గేటు దాటి వెళ్లింది. రోడ్డు మీద షేర్ ఆటో కోసం నిలబడడం లోపలివాళ్లందరికీ కనిపించింది. ఆటో వచ్చేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ వారమంతా తుడిచే బల్ల ఖాళీగా ఉంది. దాని మీద స్పిరిటు సీసా, మెత్తటి గుడ్డల కట్ట నర్సింహమ్మ పెట్టిపోయినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం తిండి దగ్గర ఆడవాళ్లు త్రివేణికి చోటైతే ఇచ్చారు, మాటలివ్వలేదు. చేత్తో కలుపుకుంటున్న అన్నంలోకి చూసి పోశమ్మ ఒక్కటే అంది. "తిని కడుక్కోవాలె. లేకుంటె మేడం పట్టుకుంటది."

త్రివేణి తినకుండానే డబ్బా మూత పెట్టేసింది. ఇంట్లో భర్త నిఖిలేష్, "ఏమైంది, జొరమా?" అని నుదురు ముట్టుకుని చూశాడు. ఏం లేదంది. ఆర్డరు ఇంకా రాలేదనే దిగులనుకుని, వస్తుందిలే అని ఆయన ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యం వింటుంటే చచ్చిపోవాలనిపించింది.

శుక్రవారం పొద్దున అత్త విమల ఎప్పటిలాగే పసుపు గిన్నె తెచ్చింది. పెళ్లయి ఏడాది కూడా తిరగలేదు. పుస్తెలు ఇంకా పసుపుతాడు మీదే ఉన్నాయి. బంగారు గొలుసులోకి శ్రావణంలో మారుస్తామని అత్త అంటోంది. అప్పటిదాకా ప్రతి శుక్రవారం తానే దగ్గరుండి తాడుకు పసుపు రాయిస్తుంది. "మంచిగ రుద్దు, ఎలిసిపోయింది చూడు," అని మెడ దగ్గర తానే మరికాస్త రుద్దింది. త్రివేణి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని బస్సెక్కింది.

మందుల కంపెనీకి మళ్లీ పంపాల్సిన బిళ్లలు ఆ రోజే ఆమె దగ్గరికి వచ్చాయి. నల్లటి తెర వేసిన చిన్న గది, అందులో బల్ల, బల్ల మీద లైటు, ఎదురుగా అద్దం తలుపుల అలమర. ట్రేను లైటు కింద పెట్టి చూసింది. ఆకుపచ్చ చుక్కలు ముత్యాల్లా ఉన్నాయి, ఎక్కడా మరక లేదు. ఎప్పటిలాగే ట్రేను గుండెల దగ్గరికి లాక్కుని, మూత వేసి, స్టిక్కరు చుట్ట కోసం చెయ్యి చాపింది. చుట్ట దొర్లి కింద పడింది. మామూలుగా చూడడం అయిపోగానే లైటు ఆర్పేస్తుంది. ఆ రోజు ఆర్పకుండానే వంగింది.

ఎదురుగా అలమర అద్దంలో ఎవరో ఉన్నారు. మొహం లేదు. మెడ చుట్టూ పచ్చటి వెలుగు, రొమ్ముల మీదికి దిగి వేలాడుతోంది.

త్రివేణి మెల్లగా లేచింది. అద్దంలోది కూడా లేచింది. తాడు ఏప్రన్ మెడలోంచి బయటపడి ఉంది. ట్రేను గుండెల దగ్గరికి లాక్కున్నప్పుడే బిళ్లలకు రాసుకుని ఉండాలి. మూత తీసి ట్రేను మళ్లీ లైటు కిందికి తోసింది. ముందు వరసలో బిళ్లల మీద మరక అడ్డంగా పాకి ఉంది, తిరిగొచ్చిన పెట్టెలో ఉన్నట్టే. ఇప్పుడే చూసింది, ఇప్పుడే బాగుందనుకుంది. చూశాక అంటించింది.

నల్ల తెరల మధ్య స్టూలు మీద కూర్చుండిపోయింది. అందరి చేతులూ చూసింది. గోళ్లు చూసింది, గాయం విప్పించి చూసింది. లైటు పట్టుకున్న మనిషిని చూడాలని ఒక్కరికీ, తనకు కూడా, తోచలేదు. కొంగుతో తాడును కప్పుకుంది, మళ్లీ కప్పుకుంది. ఎంత కప్పినా అది వెలుగుతున్నట్టే అనిపించింది.

సాయంత్రం సుధీర్ గదిలోకి వెళ్లి నిలబడే చెప్పింది. తాడు సంగతి చెప్పింది, నర్సింహమ్మ వేలికి పసుపు పెట్టింది తానేనని చెప్పింది, ఆ దెబ్బ పెట్టె పోయాక తగిలిందని చెప్పింది. ఉద్యోగం పోయినట్టేనని లెక్కకు వచ్చాకే ఈ గదిలో కాలు పెట్టింది.

సుధీర్ నవ్వాడు.

"గంతేనా? ముందే చెప్పొద్దా మేడం? కొత్తగ పెండ్లైనోళ్లు, తాడు తియ్యమని మేమెట్లంటం? మెడ దాక గుండీలున్న కోటు తెప్పిస్త. వేసుకోండ్రి, అయిపాయె. మీ ఆర్డరు గిట్ల ఆగుతదని పరేషాన్ కాకుండ్రి."

ఆమె గుండె ఒక్కసారిగా తేలికపడింది. ఆ తేలికదనం అర్థమయ్యాక దానంత చేదు మరేదీ లేదనిపించింది.

"నర్సింహమ్మను పిలవండ్రి సార్."

"ఆమెది ఆమెదే. చేతికి పసుపున్నదా లేదా? ఉన్నది. కాంట్రాక్టరు ప్రభాకర్ సోమవారం సంది ఇంకొకామెను పంపుతనన్నడు. ఇగ ఆ ముచ్చట ఇడిచిపెట్టుండ్రి."

శనివారం షిఫ్టు అయ్యాక త్రివేణి కాజీపల్లి పోయే ఆటో ఎక్కింది. పక్కన ఇద్దరు బిహారీ కుర్రాళ్లు ఫోనులో పాట వింటున్నారు. దారంతా మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన. అన్నీ ఒప్పేసుకున్నానని చెప్పాలి, క్షమించమనాలి, అంతే అనుకుంది. ఒప్పుకున్నందుకు నర్సింహమ్మ మెత్తబడుతుందని లోలోపల ఆశ ఉంది. ఇప్పుడు దాచడమెందుకు, ఆ ఆశతోనే వెళ్లింది.

వరస గదుల్లో చివరిది. నర్సింహమ్మ గడప ముందు బియ్యం చెరుగుతోంది. దెబ్బ వేలు చేటకు తగలకుండా పైకి ఎత్తి పట్టుకుంది. త్రివేణిని చూడగానే చేట దించి లేచింది. మొహం విప్పారింది.

"రమ్మన్నరా బిడ్డ?" అని అడిగింది. కంపెనీలో మేడం అనే మనిషి, ఇక్కడ బిడ్డ అంది. "సోమవారమేనా? నా టిపిను డబ్బ ఆడనే ఉన్నది, ఎవలన్న తీసిపెట్టిన్రా?"

త్రివేణి దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ ఎక్కడికక్కడ రాలిపోయాయి. తాను తెచ్చింది క్షమాపణ. ఆమెకు కావలసింది పని.

"లేదు పెద్దమ్మా. పిలవలే," అంది.

"అట్లనా." నర్సింహమ్మ మళ్లీ కూర్చుంది. చేట ఒళ్లోకి తీసుకుంది కానీ చెరగలేదు. "కూసో. నిలబడ్డవేంది."

త్రివేణి గడప మీద కూర్చుని చెప్పింది. అద్దంలో కనిపించింది, మరక, సుధీర్ కోటు తెప్పిస్తానన్నది. చెబుతుంటే కన్నీళ్లు వచ్చాయి. నర్సింహమ్మ ఆశ్చర్యపోలేదు. బియ్యంలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పక్కకు వేసింది.

"నాకెరికేనమ్మ," అంది.

"ఏంది?"

"నీ తాడు. పెండ్లైనంక నువ్వు పనికొచ్చిన సంది, శుక్రవారం శుక్రవారం బిళ్లల మీద పచ్చగ అంటుతుండె. నేను తుడుస్తుంటి. ఆ రోజొక్కటి బండొచ్చి నిలబడ్డదని సారు తుడవనియ్యలే. అట్లనే మూతలేసి పంపిండు."

"మరి నాకు చెప్పొద్దా పెద్దమ్మా? గేటు కాడనన్న చెప్పొద్దా?"

నర్సింహమ్మ ఆమె మెడ వైపు చూడబోయి, చూపు పక్కకు తిప్పుకుంది.

"ఎట్ల చెప్త బిడ్డ? కొత్త పుస్తె. నా అసొంటిది దాని పేరెత్తి తియ్యమని, దాచమని అంటదా? రేపు నీ ఇంట్ల ఏమన్నయితె? నా నోటి మాట తల్గిందనే అంటరు. నాకే అనిపిస్తది. తుడుస్తె పోయేదానికి మాటెందుకని ఊకున్న."

గేటు దగ్గర ఆమె రెండుసార్లు తన వైపు చూసి ఎందుకు తల దించుకుందో త్రివేణికి అప్పుడు తెలిసింది. తాను నోరు మూసుకున్నది తన ఉద్యోగం కోసం. ఆమె నోరు మూసుకున్నదీ తన కోసమే, ఈ త్రివేణి కోసమే. ఆ గడప మీద ఇంకా ఎలా కూర్చోగలిగానా అని తరువాత చాలాసార్లు అనుకుంది.

లేస్తుంటే నర్సింహమ్మ పక్కగది వైపు తిరిగి, "ఓ భవ్యశ్రీ, జెర బొట్టు పెట్టు బిడ్డ, ముత్తయిదువ పోతున్నది," అని కేకేసింది. పక్కింటి పిల్ల కుంకుమ భరిణె తెచ్చి బొట్టు పెడుతుంటే, నర్సింహమ్మ దూరంగా, గోడవారకు జరిగి నిలబడింది.

"కొత్తామెకు చెప్పు," అంది అక్కణ్నించే. "శుక్రవారం రెండో తుడుపు ఇడవద్దని చెప్పు. లేకుంటె నీకే మాటొస్తది."

సోమవారం గేటు దగ్గర మళ్లీ వరస కట్టారు. అలవాటైన చేతులు వాటంతటవే ముందుకు వచ్చాయి. సుధీర్ ఒక చేతిలో లైటు, ఇంకో చేతిలో కొత్త కోటు పట్టుకుని వచ్చాడు. తెల్లటి కోటు, మెడ దాకా గుండీలు.

త్రివేణి కోటు తీసుకోలేదు. లైటు కూడా తీసుకోలేదు.

"నేను పట్టుకోను సార్."

"ఏంది, ఒంట్ల బాగలేదా?"

"బాగనే ఉన్నది. ఆ పసుపు నాది. నా తాడుది." వెనకున్న ఆడవాళ్లకు వినబడేలా అంది. "ఆమె వేలుకు పెట్టింది గుడ నేనే. నాది దొరికితె కోటు తెచ్చిన్రు. ఆమెది దొరికితె ఇంటికి పంపిన్రు. ఇగ నేను లైటు పట్టను."

పోశమ్మ నోరు కాస్త తెరుచుకుని అలాగే ఉంది.

"లోపటికి రాండ్రి, మాట్లాడుదం," అన్నాడు సుధీర్ గొంతు తగ్గించి.

"ఈడనే చెప్త సార్. ఇయ్యాల పోయే పెట్టెకు నేను స్టిక్కరు వెయ్య. మొన్న రెండో తుడుపు లేకుండ పంపినందుకే తిరిగొచ్చింది. ఆమె వచ్చి తుడిస్తెనే నేను సంతకం పెడ్త."

"బండి మధ్యాన్నం వస్తది మేడం. మీ ఆర్డరు నా టేబుల్ మీదనే ఉన్నది, మరిచిపోకుండ్రి."

"మరువలే సార్. అందుకే గద వారం దినాలు నోరు మూసుకున్న."

అన్నాక త్రివేణి వాచ్‌మన్ గది తలుపు పట్టుకుంది. సుధీర్ ఆమెను చూశాడు, ఆడవాళ్లను చూశాడు, రోడ్డు వైపు చూశాడు. బండి ఎవరి కోసమూ ఆగదు. పళ్లు కొరికి ఫోను తీశాడు. "ప్రభాకర్, ఆ పాతామెనే పంపు. కొత్తామె వద్దు. ఆఁ, ఇప్పుడే. తుడిచేటామె." అవతలివాడు ఏదో అడిగాడు. సుధీర్ ఫోనుకు అరచేయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆమె పేరేంది మేడం?"

"నర్సింహమ్మ."

ఫోనులో చెప్పాడు. మళ్లీ అరచేయి అడ్డం పెట్టాడు. "వాని దగ్గర నలుగురున్నరంట నర్సింహమ్మలు. ఇంటి పేరు చెప్పమంటున్నడు."

త్రివేణి ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నది, వేలికి కట్టు కట్టింది, ఆమె గడప మీద కూర్చుని ఏడ్చి వచ్చింది. ఇంటి పేరు అడగలేదు. తల దించుకుని నిలబడింది.

"బేగరి నర్సింహమ్మ," అంది పోశమ్మ వరసలోంచి. "బేగరి అని చెప్పు సార్. కాజీపల్లిల ఉంటది."

సుధీర్ చెప్పాడు. పెట్టేసి, లైటును వాచ్‌మన్ బల్ల మీద పడేసి లోపలికి పోయాడు. కోటు కూడా అక్కడే పడి ఉంది. ఆడవాళ్లు ఇంకా చేతులు చాపుకునే ఉన్నారు. కడిగి కడిగి చివర్లు తెల్లబడ్డ వేళ్లు.

"చేతులు దించుండ్రి," అంది త్రివేణి.